ఇది ఆ గువ్వ కాదు

గువ్వ అనగానే మనలో చాలామందికి ఒకటే పిట్ట గుర్తొస్తుంది. బూడిద రంగు ఒళ్లు, అమాయకపు చూపు, కూర్చున్న చోటి నుంచి కదలాలంటే బద్ధకం. గువ్వల్లోనూ రకాలుంటాయని, అందులో ఒకటి మన కాలనీ అంచుల్లో చడీచప్పుడు లేకుండా తగ్గిపోతోందని ఎవరికైనా చెప్పి చూడండి. 'అవునా!' అంటారు. ఆ వెంటనే ఫోన్ చూసుకుంటారు. వాళ్లను అనడానికేం లేదు. పులి తగ్గితే లెక్క తెలుస్తుంది. గువ్వ తగ్గితే ఎలా తెలుస్తుంది... అచ్చం దానిలాగే ఉండే ఇంకో గువ్వ అదే తీగ మీద కూర్చుని ఉంటే?

నాకు ఈ తేడా చెప్పింది మా బాపు.

మూడేళ్ల కిందట అమ్మ పోయాక, జనగామ దగ్గరి మా ఊళ్లో ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి ప్రగతి నగర్‌లో మా ఫ్లాటుకు వచ్చేశాడు. ఆయనకు చెవులు మందగించాయి. కాలింగ్ బెల్ వినబడదు. ఫోన్ వినబడదు. మా అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పే స్కూలు కబుర్లు సగం కూడా వినబడవు. నవ్వుతూ తలాడిస్తాడు, అంతే. కానీ ఎదుటి అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ మీద గువ్వ కూసిందంటే మాత్రం టక్కున తల తిప్పుతాడు! ఇందులో మాయేం లేదు. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి, కీచు శబ్దాలను మింగేస్తుంది. బొంగురు శబ్దాలు చాలాకాలం మిగులుతాయి. అలా తేనెపిట్ట కిచకిచలు ఆయన్ను విడిచి వెళ్లిపోయాయి. గువ్వలు, జెముడు కాకి మిగిలాయి.

అలాంటి మనిషి ఓ రోజు పొద్దున్నే అడిగాడు. "గీడ గువ్వలు మస్తుగున్నయ్ గని బిడ్డా, ఎర్ర గువ్వ కూతే ఇనవడ్తలేదేంది?"

1941లో మొదటిసారి అచ్చయిన సలీం అలీ పక్షుల పుస్తకం ఇప్పటి కూర్పు ఒకటి నా దగ్గరుంది. గువ్వల బొమ్మలున్న పేజీ తీసి ముందు పెట్టాను. అద్దాలు సర్దుకుని ఒక్కోదాని మీదా వేలు పెట్టుకుంటూ పోయాడు. మచ్చల మెడ గువ్వ దగ్గర 'గిది ఇంటి ముందట ఉంటది' అన్నాడు. బూడిద రంగు పెద్ద గువ్వ దగ్గర 'గిది తీగల మీద' అన్నాడు. దాని పక్కనున్న చిన్న ఎర్రటి పిట్ట దగ్గర వేలు ఆగిపోయింది. 'గిదే. కల్లం కాడ మందలు మందలు వాలేటిది.'

ఇక్కడ ఆ రెంటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పుస్తకాల్లో 'యురేషియన్ కాలర్డ్ డవ్' అనేది పెద్ద గువ్వ. పొడవు 32 సెంటీమీటర్లు. 'రెడ్ కాలర్డ్ డవ్' అనేది మా బాపు చెప్పే ఎర్ర గువ్వ. ఇది 23 సెంటీమీటర్లే. రెండూ ఒకే ప్రజాతి పిట్టలు. మెడ వెనక సగం దాకా వెళ్లి ఆగిపోయే నల్ల పట్టీ రెండింటికీ ఉంటుంది. కాటుక వేలితో గీసినట్టు. రెండూ గింజలే తింటాయి. రెండూ పుల్లలు నాలుగు అడ్డంగా పడేసి గూడంటాయి. నీళ్లు తాగేటప్పుడు మిగతా పిట్టల్లా తలెత్తి గుటక వేయవు. ముక్కు ముంచి ఆవుదూడలా పీల్చేస్తాయి. ఇది పావురాల వంశం మొత్తానికీ ఉన్న అలవాటు.

తేడా ఎక్కడంటే, మగ ఎర్ర గువ్వ నిజంగానే ఎర్రగా ఉంటుంది. కొత్త ఇటుక మీద నీళ్లు చల్లితే వచ్చే రంగు. తల మాత్రం బూడిద. పొట్టి తోక, గుండ్రటి ఒళ్లు. చూస్తే మర్చిపోలేం. చిక్కంతా ఆడదానితోనే. అది మట్టి కలిసిన బూడిద రంగులో, పెద్ద గువ్వనే చిన్న సైజులో కుట్టినట్టు ఉంటుంది. మన దగ్గరి మిగతా గువ్వల్లో ఆడామగా తేడా కంటికి ఆనదు. ఇందులో మాత్రం ఒక జంటను పక్కపక్కన చూస్తే రెండు వేర్వేరు రకాలనిపిస్తుంది. ఆడది ఒంటరిగా తీగ మీద కూర్చుంటే చూసేవాళ్లు దాన్ని పెద్ద గువ్వ పిల్ల అనుకుని పోతారు.

కూత వేరు. పెద్ద గువ్వది మూడు దెబ్బల కూత. కు.. కూఊ.. కు. మధ్య దెబ్బ సాగుతుంది. మధ్యాహ్నం పూట వింటుంటే నిద్రొస్తుంది. ఎర్ర గువ్వ కూత అలా కాదు. గొంతులోంచి గరగరమంటూ, ఆగకుండా, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వస్తుంది. 'బాయి గిరక తిరిగినట్టు' అంటాడు బాపు. అంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను.

పేర్ల కథ కూడా తమాషాగానే ఉంటుంది. పెద్ద గువ్వకు శాస్త్రీయ నామం పెట్టింది ఫ్రివాల్డ్‌స్కీ అనే హంగరీ శాస్త్రవేత్త, 1838లో. ఆయన చూసిన పిట్ట మన దేశానిది కాదు, ఇప్పటి బల్గేరియాలోది. పేరు 'డెకావోక్టో'. గ్రీకు భాషలో పద్దెనిమిది అని అర్థం. ఏడాదంతా చాకిరీ చేస్తే పద్దెనిమిది నాణాలే ఇచ్చారని ఏడ్చిన ఒక పనిపిల్ల మొర దేవుడు విని, ఆ సంగతి లోకమంతా చాటమని ఈ పిట్టను పుట్టించాడట. 'డెకా-ఓక్టో, డెకా-ఓక్టో' అని కూస్తుందట. జీతాల దగ్గర పేచీ ఎప్పటిదో చూడండి! ఎర్ర గువ్వ పేరు మాత్రం మనకు దగ్గరిదే. తమిళనాడు తీరంలో డేన్‌మార్క్ వాళ్లు కోట కట్టుకున్న తరంగంబాడి ఉంది కదా... దాన్ని వాళ్లు ట్రాంకెబార్ అనేవాళ్లు. అక్కడ దొరికిన పిట్ట ఆధారంగా 1804లో 'ట్రాంకెబారికా' అన్నారు.

తెలుగు పేర్లు సేకరించిన తెల్లదొర ఒకాయన ఉన్నాడు. జెర్డన్. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినవాడు. 1862, 64 మధ్య అచ్చయిన ఆయన పుస్తకంలో పెద్ద బెళ్లగువ్వ, పొడ బెళ్లగువ్వ, చిట్టి బెళ్లగువ్వ అని మన పేర్లు కనిపిస్తాయి. అంటే నూట అరవై ఏళ్ల కిందటే మనవాళ్లు గువ్వలన్నింటినీ ఒక గాటన కట్టలేదన్నమాట. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అన్నింటికీ కలిపి ఒకటే పేరు... 'పిజన్ ప్రాబ్లమ్'.

ఆ ప్రాబ్లమ్‌కు పరిష్కారంగా ప్రతి బాల్కనీకీ వల. నీతిచంద్రికలో చిత్రగ్రీవుడి పావురాలు వలతో సహా ఎగిరిపోయాయని స్కూల్లో చదువుకున్నాం. చిత్రగ్రీవుడంటే రంగుల మెడ ఉన్నవాడనే అర్థం. ఈ వలలకు మేకులు కొట్టి మరీ బిగిస్తున్నారు. చిత్రగ్రీవుడైనా చేయగలిగిందేం లేదు.

పెద్ద గువ్వ ఘనత మాత్రం ఒప్పుకోవాలి. 1930ల ముందు యూరప్‌లో అది టర్కీ, బాల్కన్ దేశాలు దాటి లేదు. ఆ తర్వాత ఏం తోచిందో, వాయవ్యానికి బయల్దేరింది. 1955లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో గూడు పెట్టింది. 1974లో బహామాస్ దీవుల్లో నసావు అనే ఊళ్లో ఒక పిట్టల దుకాణంలో దొంగలు పడ్డారు. ఆ గొడవలో కొన్ని గువ్వలు తప్పించుకున్నాయి. విసిగిపోయిన యజమాని మిగతావాటినీ వదిలేశాడు. అవి సముద్రం దాటి ఫ్లోరిడా చేరి, ఇప్పుడు అమెరికా అంతటా ఉన్నాయి. మన సాఫ్ట్‌వేర్ పిల్లలకంటే ముందే సెటిలయ్యాయి!

దాని రహస్యం సులభం. మనిషి దగ్గర భయం తక్కువ. మనం పారబోసింది ఏరుకుంటుంది. సెల్ టవరైనా సరే, చింతచెట్టైనా సరే. ఇంగ్లండ్‌లో ఇది పెరుగుతున్న కాలంలోనే అక్కడి పాత కాపు, దీని చుట్టమే అయిన 'టర్టిల్ డవ్' కుప్పకూలింది. 1970ల నుంచి చూస్తే ఆ దేశంలో నూటికి తొంభైకి పైగా పోయాయి. పెద్ద గువ్వ వచ్చి తరిమేసిందని కాదు. పొలాల్లో కలుపు లేకుండా మందులు కొట్టేసరికి కలుపు గింజ తిని బతికే పిట్టకు కూడు పోయింది. వలస దారిలో వేటగాళ్ల తుపాకులు ఒకటి. 2015లో దాన్ని ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న పక్షుల్లో చేర్చారు.

మన ఎర్ర గువ్వకు ఆ గతి పట్టలేదు. ప్రపంచ జాబితాలో దానికి ముప్పు లేదనే రాసి ఉంది. తైవాన్‌లో ఊళ్ల నడుమే తిరుగుతుంది. సింగపూర్‌లో బయటి నుంచి వచ్చి స్థిరపడింది. అందుకే 'ఇది పిరికి పిట్ట, నగరానికి పనికిరాదు' అనే మాట నేను నమ్మను. మన దగ్గర మాత్రం అది పొలాన్ని పట్టుకునే బతికింది. కోసిన చేలో రాలిన గింజ, గట్ల మీది గడ్డి విత్తనం, పక్కనే గూటికి గుబురైన చెట్టు. ఈ మూడూ ఒకచోట కావాలి. వెంచర్ వేసేటప్పుడు ముందు పోయేవి ఆ మూడే. గడ్డి గీకేస్తారు, చెట్టు కొడతారు, ఎర్రమట్టి పరుస్తారు. కొన్నాళ్లకు తీగల మీద పెద్ద గువ్వ వచ్చి కూర్చుంటుంది. చూసేవాళ్లకు గువ్వలు ఉన్నట్టే ఉంటుంది.

ప్రగతి నగర్‌లో ఇప్పటికీ చెట్ల వీధులున్నాయి. అంబీర్ చెరువుంది. 2019లో పంచాయతీ పోయి నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్‌లో కలిసినా ఆ వీధుల పుణ్యమా అని నీడ మిగిలింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇది హైటెక్ సిటీ మనుషులకు దూరపు ఊరు. ఇప్పుడు పొద్దున ఏడున్నరకే క్యాబ్‌ల హారన్లు. చెరువు అవతల, బాచుపల్లి వైపు మాత్రం ఇంకా కొన్ని ఖాళీ జాగాలున్నాయి. తుమ్మలు, ఈతచెట్లు, నడుము ఎత్తు గడ్డి. ప్రహరీ మీద 'ఈ స్థలం అమ్మబడదు' అని ఎర్ర రంగు అక్షరాలు.

సంక్రాంతి వెళ్లిన వారం నుంచి బాపు, నేను పొద్దున పూట అటువైపు నడక మొదలుపెట్టాం. కొన్ని రోజులు పెద్ద గువ్వలే. ఒక శుక్రవారం అలాంటి ఒక జాగా గోడ పక్కన నడుస్తుంటే ఆయన చేతికర్ర నేల మీద ఆగిపోయింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. నాకు లారీల మోత తప్ప ఏమీ వినబడలేదు. ఆయన మాత్రం కర్ర ఎత్తి తుమ్మచెట్టు వైపు చూపించాడు. మోత తగ్గాక నాకూ వినిపించింది. బావి గిరక.

గూడు దొరకడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మూడు మనిషెత్తుల పైన, తుమ్మకొమ్మ చివర. కింద నుంచి చూస్తే పుల్లల సందుల్లోంచి ఆకాశం కనిపించేంత పల్చన. లోపల రెండు తెల్లటి గుడ్లు నీడల్లా తెలుస్తున్నాయి. పక్కన కొమ్మ మీద ఆడది.

'గువ్వ మీద రెండు పేజీలా?' అని మా డెస్క్‌లో ఒకరు నవ్వారు. రాయాలనుకున్నది నిజానికి అప్పటికింకా లేదు. ఎనిమిదో రోజున ఆ జాగాలోకి జేసీబీ వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు కథ.

సైట్ సూపర్‌వైజర్ శ్రీకాకుళం కుర్రాడు. మర్యాదస్తుడు. చెట్టు మీద గూడుందని చెబితే తలెత్తి చూశాడు. ఆడది పొదుగుతోంది.

"గువ్వే కదండీ మేడమ్. ఊరంతా ఉన్నాయి కదా."

"ఇది ఆ గువ్వ కాదు."

"అలాగే ఉందండీ మరి!"

ఉన్నమాటే. అతనికి నేనేం చూపించగలను? తోక పొట్టిగా ఉందనా? మెడ వెనక పట్టీ చూపిస్తే అదే పట్టీ ఆ ఎదుటి తీగ మీది పెద్ద గువ్వకూ ఉంది. చట్టం సంగతి చెప్పాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పిట్టల గూళ్లు, గుడ్లు పాడుచేయడం కూడా వేట కిందే లెక్క. చెట్టు కొట్టాలంటే 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. 'పర్మిషన్ కాగితం ఆఫీసులో ఉందండీ' అన్నాడు. ఉండే ఉంటుంది. కాగితంలో తుమ్మచెట్టు ఒకటి అని ఉంటుంది. దాని మీద ఎవరున్నారో ఉండదు.

బాపు అప్పటిదాకా మాట్లాడలేదు. "తమ్మీ, పగటీలి బువ్వ తిన్నంక ఒకసారి వస్తవా?" అన్నాడు.

ఎందుకో నాకు అర్థమైంది. గువ్వల్లో పొదగడం ఆడామగా వంతులేసుకుంటాయి. రాత్రంతా ఆడది కూర్చుంటుంది. పొద్దెక్కాక మగది వచ్చి దిగుతుంది, సాయంత్రం దాకా అదే. ఈ డ్యూటీల సంగతి పుస్తకంలో చదివే నేను తెలుసుకున్నాను. బాపు కంది చేను కాపలాలో పడుకుని చూసినవాడు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు సూపర్‌వైజర్ వచ్చాడు. బైనాక్యులర్స్ ఇచ్చాను. సరిగ్గా పట్టుకోవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. ఎండలో ఆ మగది తడి ఇటుకలా మెరుస్తోంది.

"ఇది రంగేసినట్టుందండీ" అన్నాడు. ఇంకోసారి చూశాడు. జేసీబీ డ్రైవర్‌ను పిలిచి అతనికీ చూపించాడు.

తర్వాత బేరం. పని ఆపడం తన చేతిలో లేదన్నాడు. ఆ మూలను చివరికి పెట్టుకోవడం మాత్రం తన చేతిలో ఉంది. 'నెల దినాలియ్యి' అన్నాడు బాపు, అంగట్లో ఎడ్లకు బేరమాడినట్టు. 'పది రోజులండీ' అన్నాడతను. గుడ్డు పొదగడానికి సుమారు రెండు వారాలు. పిల్ల ఎగరడానికి ఇంకో రెండు వారాలో, కాస్త ఎక్కువో. మా లెక్కలో ఎనిమిది రోజులు అప్పటికే అయ్యాయి. మూడు వారాల దగ్గర తెగింది.

ఆ మూడు వారాలు నేను ఆఫీసుకు ఎన్నిసార్లు ఆలస్యంగా వెళ్లానో మా ఇన్‌చార్జికి తెలుసు. గుడ్లు పగిలిన రోజు మేం చూడలేదు. గూటి అంచున పసుపు నూగు కనిపించింది, అంతే. గువ్వ పిల్లలకు పురుగులు తేదు. ఆడదీ మగదీ రెండూ తమ కంఠంలోని తిత్తిలో పాలలాంటి చిక్కటి పదార్థం తయారుచేసి నోట్లో పెడతాయి. మనుషుల్లో తల్లిపాలకు కారణమయ్యే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌కు ఆ పేరు వచ్చింది 1930లలో ఈ పావురాల పాల మీద జరిగిన పరిశోధనలతోనే. ఈ సంగతి సూపర్‌వైజర్‌కు చెబితే 'మగది కూడానా అండీ?' అని రెండుసార్లు అడిగాడు. అతనికి ఊళ్లో నాలుగు నెలల పాప ఉంది.

ఈలోగా జాగాలో మిగతా చెట్లన్నీ పోయాయి. గడ్డి పోయింది. మైదానం మధ్యలో ఒక్క తుమ్మ. మగది గింజ కోసం ప్రహరీ దాటి ఎటో దూరం వెళ్లి వచ్చేది. తీగల మీద పెద్ద గువ్వలు నాలుగైదు చేరాయి. మట్టి తిరగేసిన చోట దిగి తీరిగ్గా ఏరుకునేవి. వాటికి ఆ జేసీబీతో పేచీ లేదు. చూస్తూ చూస్తూ ఒక్కోసారి వాటి మీద కోపం వచ్చేది నాకు. ఎందుకొస్తుందో, రాకూడదో!

పంతొమ్మిదో రోజు పిల్లలు గూడు దాటి కొమ్మ మీదికి వచ్చాయి. రెండూ మట్టి రంగు. మెడ వెనక పట్టీ లేదు. పట్టీ పెద్దయ్యాకే వస్తుంది. ఇరవై ఒకటో రోజు పొద్దున ఒకటి ప్రహరీ గోడ దాకా ఎగిరింది. రెండోది చెట్టు మీదే ఉంది. మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఫోన్ చేసి, 'రెండోది కూడా వెళ్లిపోయిందండీ, నేను చూశాను' అన్నాడు. 'రేపు కాదు, ఎల్లుండి కొడతాం' అని తనే ఇంకో రోజు కలిపాడు.

చెట్టు కొట్టిన రోజు బాపు నడకకు రాలేదు. మోకాళ్లు నొప్పులన్నాడు. మర్నాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బాచుపల్లి రోడ్డు దిక్కు గోడ కట్టని జాగాలు ఇంకా రెండున్నాయట. పాలబ్బాయి చెప్పాడట. అటు పోదామన్నాడు.